నలభై మడతలు

కుక్కుటేశ్వరరావుకి కాగితం కనిపిస్తే కళ్ళకంటే ముందు చెయ్యి వెళుతుంది. బస్సు టిక్కెట్టయినా సరే, బొటనవేలితో ఒకసారి రాసి, మందమెంతో, ఎటు చింపితే తిన్నగా చిరుగుతుందో తేల్చుకున్నాకే జేబులో పెట్టుకుంటాడు. కువైట్ వచ్చి పదిహేనేళ్ళయినా ఆ చెయ్యి మారలేదు. ఫర్వానియాలో ఆరుగురు ఉండే గదిలో అతని మంచం పక్కన ఒక గుడ్డసంచీ వేలాడుతూ ఉంటుంది. అందులో సూదులు, మైనం పట్టించిన దారం, ఒక బ్లేడు, అరిగి నున్నబడ్డ కొమ్ముముక్క ఉంటాయి. గదిలోవాళ్ళు దాన్ని మంత్రసాని సంచీ అని ఏడిపిస్తారు. ఏడిపించినవాళ్ళే పిల్లల సర్టిఫికెట్లు చిరిగితే తెచ్చి అతని చేతిలో పెడతారు.

పిఠాపురంలో ఈశ్వరయ్య గారి బైండింగు షాపులో అతను ఇరవయ్యేళ్ళు పనిచేశాడు. లైబ్రరీ పుస్తకాలు, కోర్టు కాగితాలు, పురాణం చెప్పేవాళ్ళ పాత ప్రతులు ఆ చిన్న గదిలోకి జబ్బుపడి వచ్చి, లేచి నడిచి వెళ్ళేవి. ఈశ్వరయ్య గారు కోపిష్టి. పేజీ మూల మడిచిన పుస్తకం కనిపించిందా, తెచ్చినాయన హెడ్మాస్టరైనా సరే, మొహం వాచేలా చివాట్లు పెట్టేవాడు. "సరస్వతి చెవి మెలిపెట్టేరండీ మీరు" అనేవాడు. కుక్కుటేశ్వరరావుకి ఆ భయం భక్తిగా మారి ఒంట్లో ఇంకిపోయింది. ఊళ్ళో కంప్యూటర్లొచ్చి రిజిస్టర్లు పోయాయి, రిజిస్టర్లతో పాటు షాపూ పోయింది. అతను విమానమెక్కి షువైఖ్‌లో ఒక గోదాములో పెట్టెలు మోసే పనిలో చేరాడు. కాగితం పట్టే చేతులతో ఆరేళ్ళు ఇనపసామాను మోశాడు.

తర్వాత కంపెనీ మారింది, పని మారింది. నగరంలో సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద సంగీతం హాల్లో స్టేజీ మీద కుర్చీలు వేసే పని దొరికింది. నవ్వకండి, అది చిన్న పని కాదు. డెబ్బై నాలుగు మంది వాయిద్యాల వాళ్ళుంటే డెబ్బై నాలుగు కుర్చీలకీ ఒక్కో చోటుంది. ఫిడేలు కమాను ఊగే మేర వదలాలి, వెనకవాడికి ముందువాడి తల అడ్డం రాకూడదు, మధ్యలో నిలబడే మనిషి ప్రతి మొహానికీ కనిపించాలి. వేసేటప్పుడు చెప్పులు స్టేజీ కిందే వదులుతాడు. అలా వదలమని అక్కడెవరూ చెప్పలేదు.

అతనితో కుర్చీలు మోసేది చిన్నరాజం, జగిత్యాల మనిషి. మనసులో మాట నోట్లో ఆగదు. వాళ్ళిద్దరికీ పైన, హాల్లో సంగీతం పుస్తకాల గది చూసుకునేది మదామ్ నదా అనే లెబనాన్ ఆవిడ. ఒకరోజు ఆవిడ చిరిగిన పేజీకి గమ్ముటేపు అంటిస్తుంటే కుక్కుటేశ్వరరావు చూసి ఉండబట్టలేక, "లా, మదామ్, లా!" అని, వద్దు వద్దని అరబ్బీలో అరిచేశాడు. ఆవిడ ఉలిక్కిపడింది. అతను ఆ పేజీ తీసుకెళ్ళి, పల్చటి కాగితం, గంజి పెట్టి అతుకు తెలియకుండా అతికి తెచ్చాడు. అప్పట్నుంచి చిరిగినవన్నీ అతని దగ్గరికే వచ్చేవి. ఊరొదిలాక తనకి మళ్ళీ ఒక పేరు వచ్చిందని అతనికి అనిపించిన రోజులవి.

ఆ చలికాలం, వాయిద్యాల వాళ్ళందర్నీ ముందు నిలబడి నడిపించే ఆంటన్ రెజ్నార్ వచ్చాడు. ఆయన వస్తున్నాడని నెలరోజుల ముందునుంచే హాలంతా హడావిడి. అందరూ ఆయన్ని మాస్ట్రో అంటారు. పెద్దమనిషిని ఉత్త మాటతో పిలవడానికి కుక్కుటేశ్వరరావుకి నోరు రాలేదు, మాస్ట్రో సార్ అన్నాడు. ఆయన జీవితం గురించి వేసిన చిన్న పుస్తకాన్ని బస్సులో కూడబలుక్కుని చదివాడు. తండ్రి ఒక నాటకశాల కింద బాయిలర్లో బొగ్గు వేసేవాడట. కొడుకు ఆ వెచ్చటి నేలమాళిగలో కూర్చుని, పైన మోగుతున్నదంతా పైకప్పులోంచి విని, సంగీతం నేర్చుకున్నాడట. ఇరవై నాలుగో ఏట ఒక సాయంత్రం, వాయిద్యాల్ని నడిపించాల్సిన అసలాయనకి జ్వరమొస్తే, ఇంకెవరూ దొరక్క ఇతన్ని ఎక్కించారట. ఎక్కినవాడు యాభై అయిదేళ్ళు దిగలేదు. ముప్ఫై దేశాలు తిరిగాడు, రాజులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఆయన పేరు వేస్తే చాలు ఏడాది ముందే టిక్కెట్లు అయిపోయేవి.

అదంతా చదివినప్పుడు కుక్కుటేశ్వరరావుకి గొప్పగా అనిపించింది గానీ, మతిపోయింది మాత్రం మొదటి రిహార్సల్లోనే. ఆ పొట్టి ముసలాయన వచ్చి మధ్యలో చెక్క దిమ్మ ఎక్కాడు. సన్నటి తెల్లపుల్ల పైకెత్తాడు. డెబ్బై నాలుగు మంది ఊపిరి బిగబట్టారు. పుల్ల దిగింది, హాలు నిండిపోయింది. ఎడమచెయ్యి కాస్త వంచాడు, నలభై ఫిడేళ్ళు గుసగుసలోకి వచ్చేశాయి. వేలు చూపించాడు, ఎక్కడో వెనకనుంచి బూరాలు లేచాయి. కుక్కుటేశ్వరరావు తెరపక్కన నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"రాజం, ఒకటి చూసేవా?" అన్నాడు చివరికి. "అంతమందిలోకీ చప్పుడు చెయ్యనోడు ఆయనొక్కడే. చప్పుడంతా ఆయందే!"

"గదేందో మంత్రం లెక్కనే ఉన్నదే అన్నా" అన్నాడు చిన్నరాజం. అంతకన్నా పొగడ్త అతని నోట ఎప్పుడూ రాలేదు.

వాయించేది ఒక పెద్ద ఒపెరా, అంటే మొత్తం పాటల్లోనే నడిచే నాటకం. సముద్రం ఒడ్డు దీపస్తంభం కాపలాదారు కూతురి కథ. వేషాలూ సెట్టింగులూ లేవు, పాటగాళ్ళు ముందు వరసలో నిలబడి పాడతారు, వాయిద్యాలన్నీ వాళ్ళ వెనక స్టేజీ మీదే. మొత్తం వాయిస్తే నాలుగు గంటలు పడుతుంది కాబట్టి, మాస్ట్రో కొన్నికొన్ని ముక్కలు వదిలేసి మూడు గంటలకి తెస్తాడు. వాయిద్యాల వాళ్ళ పుస్తకాలు కూడా ఆయన వెంట తిరిగేవే. వదిలెయ్యాల్సిన పేజీలు వాటిలో కలిపి దారంతో కుట్టేసి ఉంటాయి.

కచేరీ రోజు పొద్దున్న మదామ్ నదా పరుగున వచ్చింది. మాస్ట్రో సొంత పుస్తకం వీపు ఊడిపోయింది. అయిదువందల పేజీల బరువు, అరవై ఏళ్ళ వయసు. "మధ్యాహ్నానికల్లా కావాలి, శుభ్రంగా చెయ్యి. గల్ఫులో నీలాంటి బైండరు లేడని మాస్ట్రోకి చెప్పాను" అంది. కుక్కుటేశ్వరరావు ఆ పుస్తకాన్ని అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

వీపు పని రెండు గంటల్లో అయిపోయింది. మళ్ళీ కుట్టాడు, జిగురు పట్టించాడు, గుడ్డ వేశాడు. అప్పుడు చూశాడు పేజీల మూలలు. కొన్ని పైన మడిచి ఉన్నాయి, కొన్ని కింద. ఒకటి కాదు రెండు కాదు, నలభై. ఇంత మహానుభావుడు పుస్తకాన్ని ఇలా హింసపెట్టడమేమిటి? ఈశ్వరయ్య గారు చూస్తే ఈయన్నీ వదిలేవాడు కాదు. పోనీలే, పెద్దాయన, తెలీక చేసుంటాడు అని తనే క్షమించేసి, పాటగాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసే గదికి వెళ్ళాడు. ఒక్కో మూలా విప్పి, తడిగుడ్డ అద్ది, పైన తెల్లకాగితం పరిచి, గోరువెచ్చటి పెట్టెతో నలభై మూలలూ చదును చేశాడు. కొమ్ముముక్కతో రుద్ది మెరుగు పెట్టాడు. పుస్తకం కొత్త పెళ్ళికూతురిలా తయారైంది. తీసుకెళ్ళి తనే స్టాండు మీద పెట్టి వచ్చాడు. ఆ గర్వం ఓ గంటసేపు ఉంది.

రెండింటికి మాస్ట్రో వచ్చాడు. కచేరీ రోజున ఖాళీ హాల్లో ఒక గంట పుస్తకం ముందు ఒంటరిగా కూర్చోవడం ఆయన అలవాటు. కుక్కుటేశ్వరరావు తెరపక్కనుంచి ఆశగా చూస్తున్నాడు, ఎక్కడైనా ఒక మెచ్చుకోలు దొర్లుతుందేమోనని. ఆయన వీపు నిమిరాడు, తల ఊపాడు. పుస్తకం తెరిచాడు. వేలు పేజీ పై మూలకి వెళ్ళింది, జారిపోయింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ జారింది. గబగబా పది పేజీలు తిప్పాడు, ఇరవై తిప్పాడు. వేళ్ళు మూలలన్నీ తడుముకుంటున్నాయి. పుస్తకాన్ని ఎత్తి ముక్కుకి ఆనించుకున్నాడు. దించేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అలా ఉండిపోయాడు.

కుక్కుటేశ్వరరావుకి అప్పుడు అర్థమైంది. అవి మడతలు కావు, గుర్తులు. ఆ మనిషి వాటిని చూసి కాదు, తడిమి చదువుకుంటాడు.

చిన్నరాజానికి మూలలు చదును చేసిన సంగతి చెబితే అతను చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "నోరు మూసుకొని ఊకుండే అన్నా. నువ్వే జేసినవని ఎవ్వనికెర్క? మదామ్ మీదికి వోతది, లేకుంటె ఎవ్వని మీదికో వోతది. చెప్పినవో ఖలాస్, కంపెనీవోడు ఇఖామా క్యాన్సిల్ గొట్టి విమానమెక్కిస్తడు."

అబద్ధమేమీ కాదు. ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, కంపెనీ చేతిలోనే ఉంటుంది. అంతకు ముందేడు ఒక ఫిడేలు మీద నిచ్చెన పడేసినవాణ్ణి వారంలో పంపేశారు. విజయదుర్గ, అంటే కుక్కుటేశ్వరరావు భార్య, ఇంటికి మేడ మెట్లు ఇంకా కట్టిస్తూనే ఉంది. అవన్నీ అతనికి గుర్తొచ్చాయి. కానీ ఖాళీ హాల్లో ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న ఆ ముసలాయన ఎదురుగా కనిపిస్తున్నాడు. చెయ్యి విదిలించుకుని స్టేజీ మీదికి నడిచాడు.

"నేనే మాస్ట్రో సార్" అన్నాడు, వచ్చీరాని ఇంగ్లీషులో. "మడతలన్నీ నేనే తీసేసేనండి. పాడైపోయేయనుకున్నాను. ఇస్త్రీ కూడా చేసేను."

ఆయన కోప్పడతాడనుకున్నాడు. కోప్పడితే బాగుండేది. ఆయన మొహంలో భయం కనిపించింది.

"టైమెంత?" అన్నాడు.

"రెండుంబావు సార్. నాలుక్కి రిహార్సలు."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నా రెండు కళ్ళలోనూ మధ్యభాగం చూపు పోయింది. పక్కలు కనిపిస్తాయి. మనుషులు కనిపిస్తారు, అచ్చు కనిపించదు. ఈ సంగతి నా డాక్టరుకి తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు. మూడోవాడికి తెలిసిన రోజున నన్ను దిమ్మ దించేస్తారు."

ఇది ఇప్పుడు రాయడానికి అడ్డమేమీ లేదు. ఏడాది తర్వాత ఆయనే అందరికీ చెప్పేసి విశ్రాంతి తీసుకున్నాడు. అప్పటిదాకా మాత్రం ఆ మాట కుక్కుటేశ్వరరావు నోరు దాటలేదు.

"పాటంతా మీకు నోటికొచ్చు కదండీ?" అన్నాడతను బెరుగ్గా.

"అదే కదా ఇబ్బంది. వాయించాల్సిందంతా బుర్రలో ఉంది. వదిలెయ్యాల్సింది మాత్రం మడతల్లో ఉంది. పై మూల తగిలితే అక్కడ వదలాలి, కింది మూల తగిలితే అక్కడ అందుకోవాలి. మడత లేకపోతే నేను తిన్నగా వెళ్ళిపోతాను, వాళ్ళు ముందుకి దూకేస్తారు. నేనొక చోట, డెబ్బై నాలుగు మంది ఇంకొక చోట."

కుక్కుటేశ్వరరావు స్టాండు దీపం విప్పి, పేజీకి ఆనించి, వెలుగు అడ్డంగా పడేలా పట్టుకున్నాడు. ఒకసారి మడిచిన కాగితం ఎంత ఇస్త్రీ చేసినా లోపల విరిగే ఉంటుంది. అడ్డం వెలుగులో ఆ విరుపు వెంట్రుక మందాన నీడ వేస్తుంది. పైగా అవి తన చేత్తో చదును చేసిన మూలలు. మొదటి విరుపు దొరికింది. గోటితో దాని మీదే మళ్ళీ మడిచి, మాస్ట్రో వేలు తీసుకెళ్ళి దాని మీద పెట్టాడు.

ఆయన వేలు అక్కడ ఆగింది. మొహం విప్పారింది. "ఇదా! ఇది నేను మొదటిసారి దిమ్మెక్కిన ఊరిది. వాయిద్యాల వాళ్ళందరూ పదకొండింటి రైలు అందుకోవాలి. ఆరు నిమిషాలు మిగల్చమన్నారు, మిగిల్చాను."

రెండోది దొరికింది. అది ఇంకో ఊరిది. కథలో రాజుని వెక్కిరించే పాట ఒకటుంటే, అక్కడ పాడితే జైలేనని కబురొచ్చిందట. మూడోది ఒక లావుపాటి గాయకుడిది. ఆ రాత్రి గొంతు పోయి, తెరవెనక ఏడుస్తుంటే, పాటలోంచి అతనికి అందని మెట్టు చల్లగా తీసేశాడట. ఆ గాయకుడు చచ్చేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఏడోది భూకంపం వచ్చిన ఊరిది. పైకప్పు దుమ్ము రాలుతుంటే జనం బయటికి పరుగెత్తకుండా ఒక పాట దాటించి నెమ్మదైన పాట అందుకున్నాడట, ఒక్కరూ తొక్కిసలాటలో పడలేదు. బస్సులో చదివిన చిన్న పుస్తకంలో ఇవేవీ లేవు. ఒక్కో మూల మడుస్తుంటే యాభై అయిదేళ్ళ బతుకు కుక్కుటేశ్వరరావు గోటి కిందినుంచి వెళుతోంది. పొద్దున్న తాను పెట్టెతో చదును చేసింది దీన్నా అనుకుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి, కాగితం మీద పడకుండా భుజానికి తుడుచుకున్నాడు.

మధ్యకొచ్చేసరికి ఒక పై మూల దగ్గర ఆగాడు. విరుపు కనిపిస్తోంది గానీ, ఎన్నిసార్లు మడిచి విప్పారో, అక్కడ కాగితం నూలుపోగులా మిగిలింది.

"ఇది ఇంకోసారి మడిస్తే ఊడి చేతికొచ్చేత్తాదండీ" అన్నాడు.

"ఎన్నో పేజీ?"

"రెండువందల పన్నెండు."

మాస్ట్రో పుస్తకం వైపు వంగాడు. "అక్కడ పాట లేదు. అయిదు నిమిషాలు వాయిద్యాలే. అందులో ఓబో ఒక్కటే మోగుతుంది" అన్నాడు. ఓబో అంటే మన సన్నాయికి దూరపు చుట్టం. "మా నాన్న బొగ్గు వేసిన నాటకశాల వీధిలోనే ఎమిల్ అని నా స్నేహితుడు ఉండేవాడు. ఇరవై ఏళ్ళు ఆ అయిదు నిమిషాలూ నా ముందు వాడే వాయించాడు. వాడు పోయాక ఇంకొకడి నోట అది వినలేకపోయాను. ఆ ముక్క బలహీనంగా ఉంది, అందుకే తీసేశానని అందరికీ చెప్పాను. నేనన్నానని పండితులు కూడా బలహీనంగా ఉందని పుస్తకాలు రాశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ అబద్ధం." ఆ మూలని వేలితో మెల్లగా తాకాడు. "ఊడిపోతుందంటావా?"

"ఆయ్. ఊడిపోద్దండి. నా పని నాకు తెలుసండి."

"అయితే మడవకు" అన్నాడాయన.

ముప్ఫై ఎనిమిది మడతలు మళ్ళీ పడ్డాయి. ఆ పై మూలా, దాని జత కింది మూలా, రెండూ పడలేదు. నాలుగింటికి ఆ అయిదు నిమిషాలూ ఈ రాత్రి వాయిస్తున్నామని మాస్ట్రో చెప్పగానే వాయిద్యాల వాళ్ళు బొమ్మల్లా చూశారు. ఓబో పట్టుకున్న అమ్మాయి మొహం పాలిపోయింది. ఆ పేజీలు పుట్టి బుద్ధెరిగాక ఆమె చూడలేదు, అవి కుట్టేసి ఉన్నాయి. కుక్కుటేశ్వరరావు సంచీలోంచి బ్లేడు తీసి, కుర్చీ కుర్చీకీ వెళ్ళి, పేజీ చిరక్కుండా ఆ కుట్లన్నీ విప్పుకుంటూ వచ్చాడు. చిన్నరాజం వెనకే దారపు ముక్కలు ఏరాడు, "నీకు పిస్స లేసిందే అన్నా" అని గొణుగుతూనే.

సాయంత్రం హాలు నిండింది. మాస్ట్రో వేలు మూలల మీద నడుస్తుంటే, ఒక్కో మడతా దాటినప్పుడల్లా తెరపక్కన కుక్కుటేశ్వరరావు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు. ఎక్కడా ఎవరూ తప్పలేదు. ఆ పేజీ వచ్చింది. పాటగాళ్ళు ఆగారు. మాస్ట్రో పుల్లని స్టాండు మీద పెట్టేశాడు. ఉత్త చేతులు చాచి ఓబో అమ్మాయి వైపు తిరిగాడు. అక్కడ దాటెయ్యడానికి ఏమీ లేదు కాబట్టి వేలు కూడా పుస్తకాన్ని వదిలేసింది. ఒక్క గొంతు లేచింది, సన్నగా, తడిగా. వెయ్యి మంది కూర్చున్న హాల్లో దగ్గు వినపడలేదు. మాస్ట్రో చేతులు ఆ పాటని నడిపించడం లేదు, అడుక్కుంటున్నాయి. చెంపల మీదినుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. కుక్కుటేశ్వరరావు పక్కకి చూస్తే చిన్నరాజం చేతులు జోడించుకుని నిలబడి ఉన్నాడు. ఈ భూమ్మీద ఇంత అందం ఉందని, అది తన కళ్ళముందే విడుదలైందని కుక్కుటేశ్వరరావుకి నమ్మకం కుదరలేదు.

మర్నాడు పొద్దున్న మాస్ట్రో విమానం ఎక్కేశాడు. పుస్తకాలు వెనక సామానుతో వెళతాయి. పెట్టెలో సర్దుతూ మదామ్ నదా పెద్ద పుస్తకం తెరిచి ఆగిపోయింది. కుక్కుటేశ్వరరావుని పిలిచింది.

"వీపు బాగానే చేశావు. ఈ మూలలేమిటి? శుభ్రంగా చెయ్యమన్నాను కదా!" అంటూ పేజీలు తిప్పి దగ్గరగా చూసింది. "ఇవి కొత్త మడతలు. ఇస్త్రీ మరక కూడా ఉంది. మాస్ట్రో పుస్తకాన్ని ఇలా ఎవరు మడిచారు?"

మాస్ట్రోయే మడిచేవాడని అంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే కళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

"నేనే మదామ్" అన్నాడు కుక్కుటేశ్వరరావు. "పనిలో గుర్తుకోసం మడిచి, విప్పడం మర్చిపోయేను."

ఆవిడ నమ్మలేనట్టు చూసింది. తర్వాత నమ్మింది. "నిన్ను బైండరువనుకున్నాను" అని పెట్టె మూసేసింది.

మళ్ళీ ఆవిడ అతనికి ఏ పుస్తకమూ ఇవ్వలేదు. చిరిగిన పేజీలకి గమ్ముటేపు అంటిస్తోంది, అతను చూస్తూ కుర్చీలు మోసుకుంటూ వెళుతున్నాడు. మూల మడిచే బైండరు అన్న పేరు హాలంతా పాకింది, ఆ మాట అతన్ని కోసింది కూడా. అయినా ఆ రోజు పెట్టె మోసుకెళ్ళి లారీ ఎక్కించింది అతనే. ఎక్కించే ముందు, ఎవరూ చూడకుండా, ముప్ఫై ఎనిమిది మడతలూ ఉన్నాయో లేదో ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు.